నలుగురం కలిసి హాఫ్ ట్రయాథ్లాన్, విరాళాల కోసం. ఒకడికి ఈత రాదు. 28 వారాలు సరిపోతాయా?

నాలుగో_గేరు
నలుగురు స్నేహితులం ఒక స్వచ్ఛంద సంస్థకి డబ్బు పోగు చేద్దామని హాఫ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కి పేర్లు ఇచ్చేశాం. 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. చేతిలో 28 వారాలున్నాయి. ఇద్దరికి హాఫ్ మారథాన్లు అలవాటే, ఒకరు సైకిల్ మనిషి. నాలుగోవాడు పూల్‌లో ఒక లెంగ్త్ వెళ్లి గోడ పట్టుకుని ఆయాసపడతాడు, అంతే.
మొదలు నుంచి చివరిదాకా నలుగురం పక్కపక్కనే వెళ్లి, కలిసి ఫినిష్ లైన్ దాటాలన్నది ఆలోచన. విరాళాల పేజీలో కూడా "నలుగురం కలిసి పూర్తి చేస్తాం" అని రాశాం. టీషర్టులు ప్రింటింగ్‌కి వెళ్లిపోయాయి.
అడిగేది ఏంటంటే, వాడికి ఈత వస్తుందా, నలుగురి వేగం ఎలా కలపాలి, మధ్యలో ఒకడు ఆగిపోతే డబ్బిచ్చినవాళ్లకి ఏం చెప్పాలి?

చెమటచుక్క
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈత రాకముందే టీషర్టా!

లెక్కల_మాస్టారు
ముందు గడువుల లెక్క చూసుకోండి, మిగతా ప్రశ్నలకి సగం జవాబు అందులోనే ఉంది. ఐరన్‌మ్యాన్ 70.3 (మీరు చెప్పిన దూరాలతోనే జరిగే పేరున్న పోటీలు) లో మామూలుగా ఉండే గడువులు ఇవి: ఈతకి 1 గంట 10 నిమిషాలు, సైకిల్ ముగిసేసరికి మొదటి నుంచి 5 గంటల 30 నిమిషాలు, మొత్తం 8 గంటల 30 నిమిషాలు. మీ పోటీకి వేరేగా ఉంటే ఆ అంకెలు పెట్టుకోండి.
లెక్క మీ నాలుగోవాడి పేరు మీదే వెయ్యండి. 65 నిమిషాల్లో నీళ్లలోంచి బయటపడాలంటే 100 మీటర్లకి 3 నిమిషాల 25 సెకన్లు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఓపెన్ వాటర్‌లో అడుగున నల్లగీత ఉండదు. కొత్తవాళ్లు వంకర టింకరగా పోయి 1.9 ని 2.05 చేసేస్తారు. అదే వేగంతో 2.05 కి.మీ. అంటే సరిగ్గా 70 నిమిషాలు. గడువు అక్కడే అయిపోయింది! అందుకని పూల్‌లో 3:00 వేగం ఆగకుండా వస్తేనే ధైర్యంగా ఉండొచ్చు.
65 నిమిషాల ఈత, 10 నిమిషాల బట్టల మార్పు పోతే సైకిల్‌కి 4 గంటల 15 నిమిషాలు మిగులుతాయి. సగటు గంటకి 21.2 కి.మీ. ఉండాలి. ఒక్క పంక్చర్‌కి 15 నిమిషాలు పోతే అది 22.5 అవుతుంది. సైకిల్ దిగాక మార్పుకి 5 నిమిషాలు తీస్తే పరుగుకి మిగిలేది 2 గంటల 55 నిమిషాలు, అంటే కిలోమీటరుకి 8 నిమిషాల 18 సెకన్లు. నడిచి గట్టెక్కుదాం అనుకుంటే కుదరదు, కి.మీ.కి 10 నిమిషాల చురుకైన నడకకి మూడున్నర గంటలు పడుతుంది. 4 నిమిషాలు 7:30 వేగంతో పరుగు, 1 నిమిషం నడక, ఇలా తిప్పుకుంటూ పోతే 2 గంటల 47 నిమిషాల్లో అయిపోతుంది.

మోకాలిచిప్ప
మాస్టారు చెప్పిన ఆ 4:1 పద్ధతి మొదటి కిలోమీటరు నుంచే మొదలుపెట్టాలి. అలిసిపోయాక నడుద్దాం అనుకున్నవాళ్లు మళ్లీ పరుగు ఎత్తుకోలేరు.

గీత_దాటకు
పక్కపక్కన సైకిల్ తొక్కుతాం అన్నది ఎవరూ పట్టించుకోలేదేంటి? అది కుదరని పని. ఇవి నాన్ డ్రాఫ్టింగ్ పోటీలు, అంటే గాలి తగలకుండా ముందువాడి వెనకే దాక్కుని తొక్కకూడదు. ముందు సైకిల్ ముందు చక్రం నుంచి మీ ముందు చక్రానికి 12 మీటర్ల దూరం ఉండాలి. ఆ 12 మీటర్లలోకి అడుగుపెడితే 25 సెకన్లలో దాటేయాలి. మిమ్మల్ని ఎవరైనా దాటితే వెనక్కి తగ్గాల్సింది మీరే. డ్రాఫ్టింగ్‌లో దొరికితే పెనాల్టీ టెంట్‌లో 5 నిమిషాలు నిలబెడతారు, మూడుసార్లు దొరికితే ఇంటికే. పక్కపక్కన పోతే బ్లాకింగ్ అంటారు, దానికీ కార్డు పడుతుంది.
నలుగురు రూల్ ప్రకారం వరసలో వెళ్తే మొదటివాడికీ చివరివాడికీ మధ్య కనీసం 36 మీటర్లు. కబుర్లు చెప్పుకోవాలంటే మైకు కావాలి.

నాలుగో_గేరు
ఇది మాకు నిజంగా తెలీదు. దారిలో ఒకరికొకరం సాయం కూడా చేసుకోకూడదా? పంక్చరైతే?

గీత_దాటకు
పోటీలో ఉన్నవాళ్లు ట్యూబు, పంపు, జెల్ లాంటి చిన్న చిన్నవి ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు. బయటినుంచి వచ్చిన మనిషి ఇస్తే తప్పు. మీ సైకిలే ఇచ్చేసి మీరు ఆగిపోవడం లాంటి త్యాగాలు కూడా వద్దు. పరుగులో పక్కపక్కన వెళ్లడానికి అభ్యంతరం లేదు.

ఫినిష్‌దాకా
అయితే టీ2 (సైకిల్ పెట్టి పరుగుకి మారే చోటు) దగ్గర వేగంగా వచ్చినవాళ్లు ఆగి, నలుగురూ కలిసి పరిగెత్తితే సరి. సింపుల్.

లెక్కల_మాస్టారు
సింపుల్ కాదు. సైకిల్ మనిషి 4:00 కి టీ2 లోకి వస్తాడు, చివరివాడు 5:20 కి. 80 నిమిషాలు తడి బట్టలతో కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోయి చలి పడుతుంది. అంతకన్నా పరుగు ముగించి, ఫినిష్‌కి 200 మీటర్ల ముందు పక్కకి జరిగి నిలబడటం మేలు. రోలింగ్ స్టార్ట్ (కొద్దికొద్దిమందిని వరసగా నీళ్లలోకి వదలడం) అయితే ఎవరి గడియారం వాళ్లది, సమయం నమోదు చేసే చాప దాటిన క్షణం నుంచి మొదలవుతుంది. కాబట్టి నలుగురూ ఒకేసారి చాప దాటండి. లేకపోతే ముందు దిగినవాడి 8:30 ముందే అయిపోయి, ఎదురుచూస్తూనే గడువు దాటించుకుంటాడు.

చెమటచుక్క
200 మీటర్ల ముందు రెండు గంటలు నిలబడి "నాకేం కాలేదండీ, ఫ్రెండ్ కోసం చూస్తున్నా" అని ప్రతి వాలంటీర్‌కీ చెప్పుకోవాలి.

తడిగాగుల్స్
ఈత సంగతి. 28 వారాలు చాలు, కానీ వారానికి ఒకసారి రెండు గంటలు దిగితే రాదు. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి 35-40 నిమిషాలు.
ఒక లెంగ్త్‌కే ఆయాసం వస్తోందంటే చాలావరకు అది దమ్ము తక్కువై కాదు. మొహం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల పైకెత్తిన అరసెకనులో వదలడం, పీల్చడం రెండూ చెయ్యాలని చూస్తారు. లోపల గాలి అలాగే ఉండిపోతుంది, రెండో లెంగ్త్‌కి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మొహం నీళ్లలో ఉన్నప్పుడే ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూ ఉండాలి, తల తిప్పినప్పుడు పీల్చడం మాత్రమే. మొదటి రెండు వారాలు గోడ పట్టుకుని ఇది ఒక్కటే చేసినా తప్పులేదు.
రెండో తప్పు తల. ముందుకి చూద్దామని తలెత్తగానే నడుము, కాళ్లు దిగిపోతాయి. ఇక ఈదేది మనిషిని కాదు, లంగరుని. చూపు నేరుగా అడుగుకి ఉండాలి. ఊపిరికి తల ఎత్తకూడదు, పక్కకి దొర్లించాలి, ఒక గాగుల్ నీళ్లలోనే ఉండాలి. కిక్ మోకాలి నుంచి కాదు, తొడ మొదలు నుంచి.
మోటుగా ఒక లెక్క చెప్తా: 8వ వారానికి ఆగకుండా 100 మీటర్లు, 14కి 400, 20కి 1000, 24కి 1900. 400 వచ్చాక ఏకధాటిగా ఈదడం తగ్గించి 100 మీటర్లు పదిసార్లు, మధ్యలో 20 సెకన్ల విశ్రాంతితో చెయ్యాలి. వేగం అక్కడ వస్తుంది. 14వ వారానికి 200 కూడా రాకపోతే అప్పుడు వేరే దారి ఆలోచించాలి, 26వ వారంలో కాదు.

ఫినిష్‌దాకా
ఫ్రీస్టైలే ఎందుకు? బ్రెస్ట్‌స్ట్రోక్‌తో మొత్తం ఈదొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. తల పైనే ఉంటుంది, దారి కనిపిస్తుంది, భయం ఉండదు.

తడిగాగుల్స్
రూల్ ఒప్పుకుంటుంది, తొడలు ఒప్పుకోవు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో తోపు అంతా కాళ్లదే, అవే కాళ్లతో తర్వాత 90 తొక్కాలి. గుంపులో ఆ కిక్ పక్కవాడి పక్కటెముకల్లో దిగుతుంది కూడా. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు ఈత దుస్తులు) వేసుకుంటే కాళ్లు పైకి తేలిపోయి ఆ కిక్ సగం గాల్లోనే పడుతుంది. మధ్యమధ్యలో ఊపిరి సర్దుకోవడానికి, దారి చూసుకోవడానికి పది స్ట్రోక్‌లు వాడుకోమనండి, అందుకైతే దాన్ని మించింది లేదు.

మోకాలిచిప్ప
ఇక్కడ మాత్రం ఫినిష్‌దాకా వైపే నేను. 3:20 వేగంతో బ్రెస్ట్‌స్ట్రోక్ నిలకడగా వచ్చేవాళ్లని బలవంతంగా ఫ్రీస్టైల్‌లోకి మార్చి 3:40 చెయ్యడం తెలివైన పని కాదు. ముందు వాడికి ఏది వస్తుందో అడగండి.

నాలుగో_గేరు
వాడికి ప్రస్తుతం రెండూ రావు. ఫ్రీస్టైల్‌తోనే మొదలుపెడతాం.

ఒడ్డుమీద_కాకి
పూల్‌లో 1900 వచ్చినా చెరువులో మొదటి 200 మీటర్లలో బెదిరిపోయేవాళ్లు చాలామంది. చల్లటి నీళ్లు మొహానికి తగలగానే ఊపిరి ఎగిసిపడుతుంది, మన ఇష్టం ఉండదు. వెట్‌సూట్ ఛాతీని నొక్కుతుంది, పక్కనుంచి చెయ్యి వచ్చి గాగుల్స్ మీద పడుతుంది, కింద ఆకుపచ్చ చీకటి తప్ప ఏమీ కనిపించదు. ఆ క్షణానికి ముందే నేర్చుకున్న పని ఒకటి ఉండాలి: వెల్లకిలా తిరుగు, చేతులు చాచు, నోటితో పొడవుగా పదిసార్లు ఊపిరి వదులు, తర్వాత బోర్లా తిరుగు. పూల్‌లో ప్రతిసారీ రెండుమూడుసార్లు ఇదే చేయించండి, ఒళ్లు దానంతటదే తిరిగేలా.
స్టార్ట్‌లో గుంపుకి వెనక, పక్కకి నిలబడాలి. పోటీకి ముందు నీళ్లలో దిగనిస్తే కాలర్ లాగి వెట్‌సూట్‌లోకి కాసిని నీళ్లు పోసుకుంటే ఛాతీ బిగుతు తగ్గుతుంది. కయాక్ (సహాయ సిబ్బంది చిన్న పడవ) పట్టుకుని ఆగొచ్చు, అది ముందుకి లాక్కెళ్లనంతవరకు ఏమీ అనరు. 6-8 స్ట్రోక్‌లకి ఒకసారి మొసలిలా కళ్లవరకే ఎత్తి బోయా (దారి గుర్తుకి నీళ్ల మీద తేలేది) చూడాలి. మాస్టారు చెప్పిన ఆ 150 మీటర్ల వంకర అక్కడే తగ్గుతుంది.
ఒంటరిగా ఓపెన్ వాటర్‌లో దిగొద్దు, నడుముకి టో ఫ్లోట్ (వెనకే తేలుతూ వచ్చే గాలి సంచి) కట్టాలి. నీళ్లలో ఉండగా తెరలుతెరలుగా దగ్గు, నురగ లేదా గులాబీ రంగు కఫం, పడుకున్నా తీరని ఆయాసం వస్తే అది భయం కాదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అనుమానించాలి. వెంటనే బయటికి రావాలి, డాక్టర్‌కి చూపించాలి. ట్రయాథ్లాన్‌లో ఉన్నట్టుండి జరిగే మరణాల్లో ఎక్కువ ఈతలోనే. 28 వారాల మొదట్లోనే నలుగురూ గుండె పరీక్ష చేయించుకోండి, హాఫ్ మారథాన్ వీరులతో సహా.

గీత_దాటకు
వెట్‌సూట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: ఐరన్‌మ్యాన్ పోటీల్లో నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీలదాకా మామూలుగా వేసుకోవచ్చు. 28.8 దాకా వేసుకోనిచ్చినా బహుమతులకి లెక్కలోకి రారు. పైన అయితే నిషేధం. మందం 5 మి.మీ. మించకూడదు. అదే నమ్ముకుని ఈత నేర్చుకోవద్దు, పోటీ పొద్దున నీళ్లు వేడెక్కితే అది లేకుండానే దిగాలి. మెడ ఒరుసుకోకుండా రాసేది కూడా పెట్రోలియం జెల్లీ కాకుండా చూసుకోండి, వెట్‌సూట్ రబ్బరుని (నియోప్రీన్) పాడుచెయ్యొచ్చు.

గాలిపంపు
సైకిల్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నలుగురికీ పోటీలోపు ఒంటరిగా ట్యూబు మార్చడం రావాలి, వెనక చక్రానిది, జిడ్డు చేతులతో.
గేరు వెనక చిన్న పళ్లచక్రం మీదకి దించితే చక్రం సులువుగా ఊడుతుంది. టైరు ఒక పక్క అంచు మాత్రమే లీవర్లతో తీసి, వాల్వ్‌కి ఎదురు వైపు నుంచి ట్యూబు లాగండి. అందరూ మర్చిపోయేది ఇక్కడే. కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల వేలితో మెల్లగా ఒక చుట్టు తడమాలి. గాజుముక్కో తీగముక్కో ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది, తియ్యకపోతే రెండో ట్యూబు కూడా రెండు కిలోమీటర్లలో పోతుంది. ఏమీ దొరక్కపోతే పాత ట్యూబు చూడండి. పక్కపక్కన రెండు చీలికలుంటే పాము కాటు అంటారు, గాలి తక్కువై రిమ్‌కీ గుంతకీ మధ్య ట్యూబు నలిగింది. కొత్త ట్యూబులో నోటితో కొంచెం ఊది గుండ్రంగా చేసి పెడితే మడత పడదు. అంచు చివరి భాగం వాల్వ్ దగ్గర ముగించండి, బొటనవేళ్లతోనే ఎక్కుతుంది, లీవరు వాడితే కొత్త ట్యూబునే గిల్లుతుంది. టైరు కింద ట్యూబు ఎక్కడా ఇరుక్కోలేదని రెండు వైపులా చూశాకే గాలి.
దగ్గర ఉండాల్సినవి: ట్యూబులు రెండు, లీవర్లు రెండు, 16 గ్రాముల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్లు రెండు, చిన్న పంపు, మల్టీటూల్, చైన్ క్విక్ లింక్. రిమ్ లోతుగా ఉంటే ట్యూబు వాల్వ్ పొడవు సరిపోతుందో లేదో ఇంట్లోనే చూడండి. సీఓటూ రబ్బరులోంచి తొందరగా కారిపోతుంది, ఆ రోజుకి చాలు, మర్నాడు మామూలు గాలి కొట్టుకోవాలి. గ్యాస్ వదిలేటప్పుడు బాగా చల్లబడే సిలిండరుని ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది, గుడ్డ చుట్టండి.

చెమటచుక్క
మన దగ్గర సామాన్యంగా జరిగేది: వేల గ్రాముల సలహాలు, చేతిలో పంపు లేదు. కార్బన్ చక్రాలకి డబ్బులుంటాయి, ట్యూబుకి ఉండవు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె.

మోకాలిచిప్ప
సీటు ఎత్తు కూడా చూసుకోండి. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు 25-35 డిగ్రీలు వంగి ఉండాలి. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు తక్కువ, వెనక నొప్పి వస్తే ఎక్కువ అయ్యుంటుంది. మార్చేటప్పుడు ఒకేసారి రెండుమూడు మిల్లీమీటర్లు, వారం ఆగి మళ్లీ.
ఇంకోటి, స్నేహితుల జట్లలో గాయాలకి పెద్ద కారణం అందరూ కలిసి ప్రాక్టీస్ చెయ్యడమే! వేగంగా పోయేవాడికి అది తేలిక సవారీ, చివరివాడికి ప్రతి ఆదివారమూ పోటీయే. దూరం కాకుండా సమయం ఒకటే పెట్టుకోండి. 5 కి.మీ. చుట్టు ఒకటి ఎంచుకుని అందరూ మూడు గంటలు, ఎవరి వేగం వాళ్లది. చుట్టుకోసారి ఎదురుపడతారు, పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మూడు వారాలు పెంచి నాలుగో వారం సగానికి తగ్గించాలి. సైకిల్ దిగగానే 20 నిమిషాల పరుగు వారానికి ఒకసారి తప్పదు, ఆ కాళ్లు మనవి కావన్నట్టుంటాయి, దానికి అలవాటు పడాలి.

ఫినిష్‌దాకా
తిండి, నీళ్ల విషయం సులువే, దాహం వేసినా వెయ్యకపోయినా ఎంత వీలైతే అంత తాగుతూ ఉండండి.

ఒడ్డుమీద_కాకి
ఈ సలహా వెనక్కి తీసుకోండి, ఇది ప్రమాదం. ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం, ఆపైన మూర్ఛ. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటే, పోటీలో బరువు పెరిగితే ఎక్కువ తాగుతున్నట్టే.
ఎవరికి ఎంతో కొలుచుకోవచ్చు. గంట సైకిల్‌కి ముందు, తర్వాత బట్టల్లేకుండా బరువు చూసుకోండి. 0.8 కిలో తగ్గి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే చెమట గంటకి 1.3 లీటర్లు. అదంతా తిరిగి తాగక్కర్లేదు, పొట్ట పట్టదు కూడా.

లెక్కల_మాస్టారు
కార్బోహైడ్రేట్ అయితే సైకిల్ మీద గంటకి 60 గ్రాములతో మొదలుపెట్టి, అరిగితే 80-90 దాకా. 60 దాటితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ 2:1 పాళ్లలో ఉన్నది కావాలి, ఒక్క గ్లూకోజ్‌నైతే పేగు అంతకన్నా లాగలేదు. నాలుగు గంటలకి 240 గ్రాములు, 25 గ్రాముల జెల్ అయితే దాదాపు పది. పది జెల్స్ తినడం పోటీ రోజున మొదలుపెడితే టాయిలెట్ క్యూలో గడువు అయిపోతుంది. పొట్టకి కూడా పది వారాల ముందు నుంచే ప్రాక్టీస్ కావాలి.

చెమటచుక్క
1978లో హవాయిలోని ఒవాహు దీవిలో మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ జరిగినప్పుడు రెండో స్థానం వచ్చినాయనకి నీళ్లు అయిపోతే ఆయన సహాయకులు బీరు ఇచ్చారు. 15 మంది మొదలుపెట్టి 12 మంది ముగించారు. ఆ రోజుల్లో గ్రాములు ఎవరు లెక్కపెట్టారు!

లెక్కల_మాస్టారు
ఆయన రెండో స్థానంలో ఎందుకు వచ్చాడో కూడా మీరే చెప్పినట్టయింది.

రసీదు_పుస్తకం
విరాళాల సంగతి అందరూ వదిలేశారు. మూడో ప్రశ్నకి జవాబు: పేజీలో "పూర్తి చేస్తాం" తీసేసి "ప్రయత్నిస్తాం" అని ఇవాళే మార్చండి. డబ్బు ఇస్తున్నది సంస్థకి, మీ పతకానికి కాదు. ఎవరైనా ఆగిపోయినా, పోటీయే రద్దయినా విరాళం సంస్థకే చెందుతుందని ఒక వాక్యం ముందే ఉంటే తర్వాత సంజాయిషీ చెప్పుకోవక్కర్లేదు.
సంస్థ పేరు, గుర్తు వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి ఉందా? టీషర్టు మీద వేశారు కాబట్టి అడుగుతున్నా. డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి, మీ నలుగురిలో ఒకరి సొంత ఖాతాకి వద్దు. చేతికి నగదు ఇస్తే అప్పటికప్పుడు పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం పెట్టండి. ఎంట్రీ ఫీజు, సైకిల్, ప్రయాణం మీ జేబులోంచి అయితే ఆ మాట పేజీలో చెప్పండి, కాకపోతే అదీ చెప్పండి. ఆన్‌లైన్ వేదిక కమిషన్ కోసుకుంటుంటే "మొత్తం సంస్థకే" అని రాయకూడదు.
మీ ఎంట్రీలు సంస్థ కోటాలోవా? అలా అయితే కనీసం ఇంత వసూలు చేస్తామని ఒప్పుకుని ఉంటారు, తక్కువైతే తేడా మీ నెత్తిన పడొచ్చు. షరతులు చదవండి.

ఫినిష్‌దాకా
కిలోమీటరుకి ఇంత అని పందెంలా పెడితే? మొత్తం 113 కి.మీ., జనానికి సరదాగా ఉంటుంది.

రసీదు_పుస్తకం
వద్దంటాను. పోటీ అయ్యాక ఇంటింటికీ తిరిగి వసూలు చెయ్యాలి, సగంమంది మర్చిపోతారు. అంతకన్నా ముఖ్యం, మోకాలు పోయినవాడు "ఇంకో పది కి.మీ. వెళ్తే ఇంత వస్తుంది" అని కుంటుకుంటూ పోతాడు. సేవ పేరుతో మనిషిని కుంటివాణ్ణి చెయ్యొద్దు. ఒకే మొత్తం, ముందే తీసుకోండి.

ఒడ్డుమీద_కాకి
ఆగిపోవడం గురించి సిగ్గుపడనక్కర్లేదు. తండ్రీకొడుకులు డిక్ హోయ్ట్, రిక్ హోయ్ట్ 1988లో హవాయి ఐరన్‌మ్యాన్‌లో ఈత గడువు దాటి ఆగిపోయారు. నడవలేని కొడుకుని పడవలో కూర్చోబెట్టి లాగుతూ ఈదేవాడు తండ్రి. 1989లో మళ్లీ వచ్చి ముగించారు.

నాలుగో_గేరు
పేజీ మార్చేశాం. "నలుగురం ఒకేసారి మొదలుపెడతాం, ఎవరి వేగంతో వాళ్లం ప్రయత్నిస్తాం" అని రాశాం. సంస్థకి అనుమతి కోసం మెయిల్ పెట్టాం (లేదు, తీసుకోలేదు). 14వ వారంలో 200 మీటర్ల పరీక్ష, రాకపోతే వాడు సైకిల్ మనిషితో కలిసి రిలేలోకి (భాగాలు పంచుకుని చేసే జట్టు పోటీ) మారతాడు. మార్చుకోవడానికి ఆఖరు తేదీ ఎప్పుడో నిర్వాహకులని అడిగాం, 16వ వారందాకా ఉందట.

గీత_దాటకు
రాతపూర్వకంగా తీసుకోండి అది కూడా. ఇంతకీ సైకిల్ ముట్టుకునేముందే హెల్మెట్ బకిల్ పెట్టుకోవాలని నలుగురికీ తెలుసా? స్టాండ్‌లోంచి తీసి పెట్టుకుందాం అనుకుంటే అక్కడే ఆపేస్తారు.

నాలుగో_గేరు
ముగ్గురికి తెలీదు.

మోకాలిచిప్ప
టీషర్టులు ఏ బట్ట?

నాలుగో_గేరు
కాటన్.

మోకాలిచిప్ప
అయితే ఫినిష్ తర్వాత వేసుకోండి. తడిసిన కాటన్‌తో 21 కి.మీ. పరిగెత్తితే ఒరుసుకుని ఛాతీ మీద రెండు ఎర్ర మరకలు పడతాయి, సంస్థ గుర్తుకి అటొకటి ఇటొకటి.